రెండు కళ్ళ నీలం

అద్దకం మిల్లులో తొట్ల హోరు వినబడని గది ఒక్కటే ఉంది. గోడలకు బూడిద రంగు, నేలకు బూడిద రంగు, ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీ, దాని ముందు ఒక ఎత్తు స్టూలు. స్టూలుకు కుడిపక్క ఒక అర, ఎడమపక్క ఒక అర. ఆ గదిలోకి రంగు బట్టలతో ఎవరూ రాకూడదు. యజమాని అయినా సరే, తలుపు వెనక కొక్కేనికి వేలాడే బూడిద కోటు తొడుక్కునే రావాలి. మాట్లాడకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు గాని, లోపల అడుగుపెట్టినవారి గొంతు దానంతటదే తగ్గిపోయేది.

ఆ స్టూలు మీద కూర్చునే ఆవిడను ఎదురుగా పెద్దమ్మ అనీ, చాటున పెద్దకన్ను అనీ పిలిచేవారు. రెండు పిలుపులూ ఆవిడకు తెలుసు. రెండోదే ఎక్కువ ఇష్టం. ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆవిడ పని చెప్పడానికి సులువు. కొనేవాళ్ళు ఒక గుడ్డముక్క తెచ్చి, ఈ రంగే కావాలంటారు. కలిపే గదిలో రంగుపొడులు కలిపి, ఒక చిన్న నూలు చిలపను, అంటే నూలుపోగుల చుట్టను, ముంచి, ఆరబెట్టి, ఆవిడ దగ్గరికి పంపుతారు. తడిసిన రంగు వేరు, ఆరిన రంగు వేరు కనుక, తడి చిలపను ఆవిడ ముట్టనైనా ముట్టేది కాదు. గుడ్డముక్కనూ చిలపనూ పక్కపక్కన పెట్టి చూసేది. చూపు తిప్పి, బూడిద గోడకేసి కాసేపు ఉండేది, నాలుక మీది రుచిని మంచినీళ్ళతో కడుక్కున్నట్టు. మళ్ళీ చూసేది. నచ్చితే కుడి అర, నచ్చకపోతే ఎడమ అర. మాటలేదు. కుడి అర మీద చిలప కనబడిన మరుక్షణం పెద్ద తొట్టిలో నీళ్ళు మరిగేవి. ఆ తరువాత ఇంకొకరి కన్ను చూడడమన్న ఆచారం ఆ మిల్లులో లేదు. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిన పద్ధతి అది. ఒకరి కన్ను మీద నడిచే పని తొందరగా సాగుతుందని ఆయన నమ్మకం.

ఇంటి దగ్గర కూడా ఆవిడ కన్ను ఊరుకునేది కాదు. వీధి మలుపులో దుకాణం తలుపుకు రంగు వేస్తుంటే, కింది భాగానికి వచ్చేసరికి డబ్బా మార్చారని ఇవతలి పక్కనుంచే చెప్పేది. ఆవిడ భర్త చాలాకాలం బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నవాడు. భార్య గురించి ఎవరైనా అడిగితే చాలు, ఆయనకు హుషారు వచ్చేది.

“నన్ను మొట్టమొదటిసారి చూసినప్పుడు ఈవిడకి మొహం కనబళ్ళేదండీ. చొక్కా రంగే కనబడింది.”

“మొహం చూసుంటే ఒప్పుకునేదాన్నా? చొక్కా బాగుంది కాబట్టి బతికిపోయారు,” అనేది ఆవిడ, తల ఎత్తకుండానే.

తనకు తెలిసిన పనిని తెలిసినట్టు చేసే మనిషికి ఒక నిబ్బరం ఉంటుంది. దాన్ని గర్వమనవచ్చు, అనకపోవచ్చు. నిటారుగా కూర్చోవడంలో, ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పకపోవడంలో అది కనబడుతుంది. ఆవిడలో అది పుష్కలంగా ఉండేది. కాని అలాంటి నిబ్బరానికి ఒక గుడ్డిచోటు కూడా ఉంటుంది. త్రాసు తనను తాను తూచుకోలేదు. కన్ను తేడాలను చూస్తుంది. తనలోని తేడాను చూడవలసి వచ్చినప్పుడు దానికి ఇంకో కన్ను అరువు కావాలి. ఆ అవసరం ఆవిడకు అరవై దాటాక వచ్చింది.

*

ఒక ఉదయం యజమాని ఆ గదిలోకి వచ్చాడు. వెనకే ఒక నర్సమ్మ. ఊరి చివర వయసు మళ్ళినవాళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటుంది; అక్కడి మంచాలకు నీలం దుప్పట్లు ఈ మిల్లే అద్ది, తన మగ్గాల మీద నేసి ఇస్తుంది. నర్సమ్మ ఆ ఆశ్రమానికి పెద్ద. రెండు దుప్పట్లు తెచ్చి బల్ల మీద పరిచింది.

“ఇది పాతది. ఇది మొన్న మీరు పంపింది. పాతదాని రంగులోనే కావాలన్నాం కదండీ. ఇది చూడండి, ఊదా తిరిగిపోయింది.”

పెద్దమ్మ చూసింది. గోడకేసి చూపు తిప్పింది. మళ్ళీ చూసింది. రెండూ ఒకటే. ఏ అనుమానమూ లేకుండా, ఒకే తొట్టిలో మునిగి తేలినట్టు ఒకటే.

“తేడా నాకు కనబడ్డంలేదమ్మా,” అంది.

నర్సమ్మ ఎగతాళి చేయలేదు. పాపం, తన వైపునుంచి సర్దిచెబుదామనే అంది: “మా దగ్గరుండే పెద్దవాళ్ళు కూడా అదే మాటన్నారండీ. వాళ్ళకేమీ తెలియలేదు. మా ఆయాలకే తెలిసింది.”

యజమాని తన బూట్లను చూసుకున్నాడు. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు ఇదే గదిలోకి ఎర్రచొక్కాతో పరుగెత్తుకొచ్చి ఆవిడచేత చీవాట్లు తిన్నవాడు. “ఉతుకులో ఏమైనా తేడా వచ్చిందేమో లెండి,” అన్నాడు మెల్లగా.

“ఇంకా ఉతకలేదండీ,” అంది నర్సమ్మ.

ఆ క్షణంలో పెద్దమ్మ చూసింది దుప్పట్లను కాదు. తలుపు దగ్గర చిలపలు పట్టుకుని నిలబడిన తన మేనకోడలిని. తమ్ముడి కూతురు. కలిపే గదిలో పని. ఆ అమ్మాయి కూడా నేలకేసే చూస్తోంది. యజమాని తల దించుకుంటే మొహమాటం అనుకోవచ్చు. ఈ పిల్ల తల దించుకుందంటే మాత్రం, తనకు తెలియని సంగతేదో దానికి తెలుసన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మేనకోడలికి ఒక పని పురమాయించింది. నీలంతో మొదలుపెట్టి, చిలప చిలపకూ కొంచెం కొంచెం ఊదా పెంచుతూ ఒక వరస తయారు చెయ్యమంది. ఎన్నోదో తెలిసేట్టు ఒక్కొక్కదానికీ అడుగున ముడులు వెయ్యమంది. ఆరాక వాటిని కలగలిపి తెమ్మంది. ముడులను గుప్పిట్లో పెట్టుకుని చూడకుండానే ఆవిడ ఆ చిలపలను కిటికీ గట్టు మీద వరసగా పేర్చింది. తొందరపడలేదు. ఒకటి తీసి మార్చింది, మళ్ళీ మార్చింది. చివరకు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“తిప్పి చూడు.”

మేనకోడలు ముడులు తిప్పి చూసి, ఇంకోసారి తిప్పి చూసింది.

“చెప్పవే.”

“రెండు చివర్లూ సరిగ్గానే ఉన్నాయత్తా.”

“మధ్యలో?”

“మధ్యలో... కలిసిపోయాయి.”

పెద్దమ్మ తల ఊపింది. “ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

అమ్మాయి చిలప కొసను మెలిపెట్టింది. “ఏమని చెప్పను అత్తా. నేను పనిలో చేరినప్పుడే అక్కడివాళ్ళు నేర్పారు. తెచ్చిన గుడ్డలో పొడులు వేరు, మన పొడులు వేరు కదా; మా కంటికి ఒకటిగా ఉన్న నీలాలు నీ కంటికి వేరుగా కనబడేవట. అందుకని నీలాలు కలిపేటప్పుడు కొలత ప్రకారం కలిపాక ఇంకో చిటికెడు ఊదా వెయ్యాలట. వెయ్యకపోతే ఎడమ అరకు పోతుందట. దాన్ని అక్కడ పెద్దకంటి చిటికెడు అంటారు.”

“పేరు కూడా పెట్టారన్నమాట.”

“ఎగతాళికి కాదత్తా.”

“నేను పొరబడుతుంటే ఒక్కరూ నోరెత్తలేదా? అంత భయమా నేనంటే?”

“భయం కాదు,” అంది మేనకోడలు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నీ కన్ను తప్పవుతుందని ఎవరికీ తట్టలేదు. మా కళ్ళే సరిగ్గా లేవేమో అనుకున్నాం.”

తిట్టినా ఆవిడ అంత కుంగిపోయేది కాదు. ఇన్నేళ్ళూ ఆ మిల్లు తన కంటిని నమ్మి నడిచిందనుకుంది. నడవడమే కాదు, తన కంటితోపాటు ముసలిదవుతూ వచ్చింది. నిండా వయసులో ఉన్న పిల్లలు, చక్కగా చూడగలిగినవాళ్ళు, ఆవిడ చూడలేని దాన్ని చూడకుండా ఉండడం నేర్చుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ కలిసి ఒక తప్పును భక్తిగా మోశారు.

సాయంత్రం యజమాని ఆవిడను తన గదికి పిలిపించాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. మెత్తగానే చెప్పాడు. “ఇకనుంచి స్టూలు మీద మీ మేనకోడలు కూర్చుంటుంది, పెద్దమ్మగారూ. మీరు రావద్దని కాదు. ఎప్పుడైనా రండి, నా గదిలో కూర్చోండి, టీ తాగుదాం. ఇక శ్రమ దేనికి మీకు?”

“టీ తాగడానికి మా ఇల్లుంది బాబూ,” అంది ఆవిడ. “ఒక్క మాట వినండి. ఆశ్రమంవాళ్ళ సరుకు మళ్ళీ నెయ్యాలి కదా. అది నా చేతుల మీదుగా పోనివ్వండి. ఈలోగా కన్ను చూపించుకుంటాను. ఆ సరుకు కూడా తిరిగొస్తే, ఆ స్టూలు మీద మా పిల్ల కూర్చునేటప్పుడు దుమ్ము తుడిచి పెట్టేది నేనే.”

యజమాని సరేనన్నాడు. ఇష్టంగా అనలేదు, కాదనలేక అన్నాడు.

*

కంటి డాక్టరు వయసులో చిన్నది. మాటలో తొందరలేని మనిషి. పెద్దమ్మ కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయండీ. కాని మీ రంగుల గొడవ అంతకంటే చాలా పాతది. మన ఒంట్లో చాలా వరకు ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. చర్మం కొత్తది వస్తుంది, నెత్తురు కొత్తది వస్తుంది, ఎముక కూడా నెమ్మదిగా తనను తాను మార్చుకుంటుంది. కంటిలో లెన్సుకు మాత్రం ఆ అదృష్టం లేదు. దాని నడిమి భాగం మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే తయారైంది. ఆ తరువాత దాని చుట్టూ కొత్త పొరలు పడుతూ పోతాయి, అంతే. పాతవి బయటికి పోయే దారి లేదు.”

పక్క కుర్చీలో కూర్చున్న భర్త ముందుకు వంగాడు. “అంటే డాక్టరుగారూ, మా ఆవిడ కంట్లో ఒక ముక్క ఈవిడకంటే పెద్దదన్నమాట.”

“ఆ లెక్కన చూస్తే అవునండీ. పుట్టకముందే ఉంది కదా.”

“ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళు ఎవరో ఉన్నారని నాకు ఎప్పట్నుంచో అనుమానం.”

“కాసేపు ఊరుకోండి,” అంది పెద్దమ్మ. డాక్టరు వైపు తిరిగింది. “మారకపోతే ఏమవుతుంది?”

“అందులో ఉండే ప్రోటీన్లు ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి, వయసు తగిలి, మెల్లగా పసుపెక్కుతాయి. పసుపు గాజు నీలం వెలుతుర్ని ఆపేస్తుంది. పైగా కంటిపాప కూడా వయసుతో చిన్నదవుతుంది, లోపలికి వెళ్ళే వెలుతురే తగ్గిపోతుంది. అందుకే ముదురు నీలం, నలుపు ఒకటిగా కనబడతాయి. నీలానికీ ఊదాకీ మధ్య తేడాలు చెరిగిపోతాయి.”

“పసుపు తొట్టి అడుగునుంచి చూస్తున్నానన్నమాట.” ఆవిడ డాక్టరు చేతిలోని దీపాన్ని చూసింది. “నాకెందుకు తెలియలేదు? రోజంతా నా పనే అది.”

“ఒక్క రోజులో జరిగితే తెలిసేది. ఇది అంత నెమ్మదిగా జరిగింది. మెదడు కూడా సర్దుకుంటూ పోతుంది. తెల్ల కాగితం తెల్లగానే ఉందని మనకు ప్రతి రోజూ నచ్చజెబుతుంది. ఇది మీ ఒక్కరి సంగతి కాదండీ. ఎక్కువ కాలం బతికిన ప్రతివాళ్ళదీ.”

ఆ చివరి మాట ఆవిడ మనసులో నిలిచింది. ముసలితనమంటే ఇంతవరకు ఆవిడ అనుకున్నది కీళ్ళనొప్పులు, మెట్ల దగ్గర ఆయాసం. అవి చెప్పి వస్తాయి. ఇది చెప్పకుండా వచ్చింది. పైగా లోకమే ఇలా ఉందని నమ్మించింది.

ముందు ఒక కన్ను, కొన్నాళ్ళు ఆగి రెండోది చేద్దామంది డాక్టరు. కుడి కంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పిన పూట ఆవిడ ఇంటికి వచ్చి, ముందు గదిలో నిలబడి, ఎడమ కన్ను మూసి గోడను చూసింది. తరువాత కుడి కన్ను మూసి అదే గోడను చూసింది. మొదటిసారి గోడ వెన్నెల కాసినట్టు ఉంది. రెండోసారి టీ ఒలికి ఆరిన గుడ్డలా ఉంది. ఎన్నిసార్లు మార్చి చూసినా అంతే. ఒకే గోడ.

“మీరు వేసుకున్న చొక్కా నల్లది కాదండీ,” అంది భర్తతో. “ముదురు నీలం.”

“నల్లదనే కదా కొన్నది.”

“కొన్నది ఎవరు?”

“నువ్వే.”

ఆవిడ నవ్వింది. చాలా రోజుల తరువాత నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడి, ఆ చొక్కాకేసి ఒక కన్ను మార్చి ఒక కన్నుతో చూస్తూ ఉండిపోయింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు, ఫోటోకు నిలబడ్డట్టు.

*

స్టూలు మీదికి తిరిగి వచ్చాక ఆవిడ మొదట చేసింది పెద్దకంటి చిటికెడును ఎత్తేయడం. కలిపే గదికి స్వయంగా వెళ్ళి చెప్పింది: “ఇన్నాళ్ళూ మీ కళ్ళు సరైనవే. తప్పు నాది. ఇక కొలత ప్రకారమే కలపండి. నేను ఎడమ అర మీద పెడితే ఎందుకు పెట్టానో నన్ను అడగండి.” అక్కడివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ నోట తప్పు అన్న మాట వాళ్ళు వినడం అదే మొదలు. చెప్పేటప్పుడు ఆవిడ వీపు మాత్రం ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

ఆశ్రమం నీలం మొదటిసారికే కుదిరింది. మేనకోడలిని పిలిచి చూపించింది. ఆ అమ్మాయి ఒక్క చూపులో తల ఊపింది. నమూనాగా ఒక దుప్పటి నేయించి, నర్సమ్మకు చూపించడానికి ఆవిడే తీసుకువెళ్ళింది. మేనకోడలు వెంట వచ్చింది.

నర్సమ్మ దుప్పటిని ఖాళీ మంచం మీద పరిచి తృప్తిగా చేత్తో రాసింది. “ఇదేనండీ మా నీలం. అచ్చంగా ఇదే.”

అక్కడికి పని అయిపోయినట్టే. స్టూలు నిలిచినట్టే. ఆవిడ లేచి వచ్చేయవలసిందే. అంతలో ఆ మంచం మనిషి వరండాలోంచి వచ్చాడు. ఒకప్పుడు వడ్రంగి, సన్నగా, పొడుగ్గా, నోరు మాత్రం ఇంకా కుర్రది. మంచం దగ్గరకు వచ్చి ఆయన నడక తగ్గించాడు. ఒక చెయ్యి ముందుకు చాచి, గాలిలో తడుముతూ, మోకాలు మంచానికి తగిలేదాకా జరిగి, అప్పుడు కూర్చున్నాడు.

“చూపు బొత్తిగా లేదా ఆయనకి?” అని అడిగింది పెద్దమ్మ నర్సమ్మను.

“కనబడుతుందండీ. పేపరు కూడా చదువుతాడు. మంచం దగ్గరకు వచ్చేసరికే అందరూ ఇలా తడుముకుంటారు. పోయిన వారం ఒకావిడ అంచు దాటి కూర్చోబోయి కిందపడింది. వయసు కదండీ.”

పెద్దమ్మ తలుపు దాకా వెనక్కి నడిచింది. అక్కడ నిలబడి కుడి కంటిని చేత్తో మూసుకుంది. ఎడమ కంటిలో దుప్పటి లేదు. దుప్పటి నీలమూ, నేల మీది బూడిద పలకలూ ఒకే మసకలో కలిసిపోయి, మంచం ఎక్కడ ముగుస్తుందో, నేల ఎక్కడ మొదలవుతుందో తెలియని ఒక మడుగులా ఉంది. చెయ్యి ఎడమ కంటి మీదికి మార్చింది. నీలం నీలంగా, నేల నేలగా విడిపోయాయి. ఆవిడ చాలాసేపు అలా చేతులు మారుస్తూ నిలబడింది.

“ఏంటమ్మా అది, కొత్త ఆటా?” అన్నాడు వడ్రంగి పెద్దాయన.

“అవునండీ. మీ కళ్ళతో ఒకసారి, వీళ్ళ కళ్ళతో ఒకసారి చూస్తున్నాను.”

“నా కళ్ళతో చూసి ఏం బావుకుంటావు? అంచు లేని బల్ల చేస్తే మా మేస్త్రి నెత్తి మీద మొట్టేవాడు. ఇక్కడ మంచానికే అంచు లేదు.”

ఆవిడ మిల్లుకు వచ్చి, ఆ నీలం చిలపను తీసుకెళ్ళి ఎడమ అర మీద పెట్టింది.

మేనకోడలు నిర్ఘాంతపోయింది. “అత్తా, అది సరిపోయింది కదా. వాళ్ళు ఒప్పుకున్నారు కదా.”

“ఒప్పుకున్నది నర్సమ్మ. ఆ దుప్పటి మీద పడుకునేది ఆవిడ కాదు.”

యజమానికి కబురు వెళ్ళింది. ఆయన కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వచ్చాడు. ఆవిడ చెప్పినదంతా విని, నుదురు రుద్దుకున్నాడు. “పెద్దమ్మగారూ, వాళ్ళు అడిగిన రంగు ఇచ్చాం. బాగుందన్నారు. ఇప్పుడు మనమే బాగాలేదని చెబుదామా? ఒకసారి మన కన్ను తప్పని తేలింది. మళ్ళీ తప్పయితే?”

“అయితే స్టూలు మా పిల్లదే. నేను ముందే చెప్పాను. నీలం మార్చమనడం లేదు బాబూ, ఆ నీలమంటే వాళ్ళకి అలవాటు. చుట్టూ ఒక అంచు కావాలి. ఏ రంగు అంచో తేల్చడానికి నాకు వ్యవధి కావాలి. తేల్చగలిగింది ప్రస్తుతం ఈ మిల్లులో నేనొక్కదాన్నే.”

ఆ మాట ఆవిడ గొప్పకు అనలేదు. అది ఉన్న సంగతి. మేనకోడలి రెండు కళ్ళూ వయసులో ఉన్నవి. వడ్రంగి పెద్దాయన రెండు కళ్ళూ వయసు మళ్ళినవి. ఒకే ముఖంలో చెరొకటి ఉన్నది ఆవిడకే, అదీ కొద్దికాలం మాత్రమే. రెండో ఆపరేషనుకు డాక్టరు ఇచ్చిన తేదీ దగ్గరకు వచ్చేస్తోంది.

ఆవిడ వెళ్ళి ఆ తేదీ వెనక్కి జరపమంది. డాక్టరు ఆశ్చర్యపోయింది. “అందరూ ముందుకు జరపమంటారండీ. ప్రమాదమేమీ లేదు గాని, రెండు కళ్ళూ రెండు రకాలుగా ఉంటే మెట్ల దగ్గర తడబడతారు.”

“మెట్లు దింపడానికి ఈయన ఉన్నారు,” అంది ఆవిడ.

“బస్సు నడిపినవాణ్ణి, ఒక్క మనిషిని దించలేనా,” అన్నాడాయన. “అయితే ఈవిడ మధ్యలో ఎక్కడ పడితే అక్కడ ఆపమంటుంది.”

*

ఆ తరువాతి రోజులు ఆవిడ జీవితంలో అన్నిటికంటే కష్టపడ్డ రోజులు. ఆశ్రమం నేల పలకలాంటిది ఒకటి తెప్పించి కిటికీ కింద పెట్టింది. దాని మీద నీలం గుడ్డ, గుడ్డ పక్కన అంచుకోసం అద్దిన చిలప. కుడి కంటితో చూడడం, గోడకేసి చూపు తిప్పడం, ఎడమ కంటితో చూడడం. ఆకుపచ్చ కుడి కంటికి ఎంతో అందంగా ఉంది. ఎడమ కంటికి నీలంలోనే కరిగిపోయింది. లేత పసుపు మీద ఆవిడ ఆశ పెట్టుకుంది; ఎడమ కన్ను దాన్ని మాసిన తెలుపనుకుంది. ఊదా సంగతి సరేసరి. అన్నీ ఎడమ అరకే పోయాయి. చిలపలు అర నిండి, కింద నేల మీద పేరుకున్నాయి.

మెల్లగా ఆవిడకు ఒకటి అర్థమైంది. ఇన్నేళ్ళూ తను వెతికింది పోలికను. రెండిటి మధ్య తేడా లేకుండా చెయ్యడమే తన విద్య. ఇప్పుడు వెతకవలసింది తేడాను, ఎంత వయసు మీద పడినా చెరిగిపోని తేడాను. దానికి రంగు ఒక్కటే చాలదు, వెలుగు కూడా కావాలి. నీలం ఎంత ముదురో అంచు అంత ప్రకాశంగా ఉండాలి. ఆ ప్రకాశం కూడా పసుపు గాజు మింగెయ్యలేని రంగుదై ఉండాలి.

చివరకు నిలిచింది బాగా పండిన నారింజ రంగు. రెండు కళ్ళలోనూ నిలిచింది. మేనకోడలు దాన్ని నీలం పక్కన పెట్టి మొహం చిట్లించింది. “కొట్టొచ్చినట్టుందత్తా. ఇంత మోటుగానా?”

“నీకు మోటుగా ఉండాలి. అప్పుడే వాళ్ళకి ఉండవలసినట్టు ఉంటుంది.”

యజమాని కూడా మొహం చిట్లించినవాడే. అయినా నారింజ అంచుతో ఒక్క దుప్పటి నేయించడానికి ఒప్పుకుని, దాన్ని పట్టుకుని తానే వెంట వచ్చాడు. తప్పయితే కళ్ళారా చూద్దామనుకున్నాడో, ఒప్పయితే చూద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి. నర్సమ్మ దుప్పటి పరిచి, అంచు మడతలు సర్దింది. అందరూ గోడవారగా జరిగారు. పెద్దమ్మ స్టూలు, పేరు, తను ఇన్నాళ్ళూ నిటారుగా కూర్చున్న తీరు, అన్నీ ఇప్పుడు ఆ మంచం మీద పరిచి ఉన్నాయి.

వడ్రంగి పెద్దాయన వరండాలోంచి ఎవరినో ఆటపట్టిస్తూ లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తరువాత నడక తగ్గించలేదు. చెయ్యి గాలిలోకి చాచలేదు. తిన్నగా వచ్చి, వెనక్కి తిరిగి, అరచేతిని నారింజ అంచు మీద ఆనించి కూర్చున్నాడు. వేళ్ళతో ఆ అంచును ఈ కొసనుంచి ఆ కొసకు తడిమాడు, చెక్కపని సరిచూసినట్టే.

“ఎవరు చేశారిది?” అన్నాడు.

నర్సమ్మ చూపించింది.

“ఆలస్యంగా చేశావు గాని,” అన్నాడాయన పెద్దమ్మతో, “పని తెలిసినదానివే.”

నర్సమ్మ అన్ని మంచాలకూ అవే కావాలంది. యజమాని మిల్లుకు రాగానే బూడిద కోటు తొడుక్కుని ఆ గదిలోకి వెళ్ళాడు. బల్ల మీదున్న నారింజ చిలపను తీసి, తన చేత్తో, కుడి అర మీద పెట్టాడు. తండ్రి కాలంనుంచి ఇప్పటివరకు ఆ అర మీద పెద్దకన్ను తప్ప ఇంకెవరూ చిలప పెట్టలేదు. మాట్లాడకుండా పెట్టడమే అక్కడి పద్ధతి కనుక ఆయన మాట్లాడలేదు. ఆవిడ కూడా తల ఊపి ఊరుకుంది. కాని ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త, ఆవిడ తన చెయ్యి అందుకోకుండానే మెట్లు దిగడం చూసి, “ఏంటి, కండక్టరుతో పని లేదా ఇవాళ,” అని అడిగాడు.

*

ఆ దుప్పట్లన్నీ వెళ్ళాక రెండో కంటికి కూడా ఆపరేషను అయింది. రెండు కళ్ళలోనూ గోడ వెన్నెలలాగే కనబడింది. కొన్ని వారాలకు అదీ మామూలు తెలుపైపోయింది. మెదడు మళ్ళీ సర్దుకుంది. పసుపు గాజులోంచి చూసిన లోకం ఇక ఆవిడకు దొరకదు. దాన్ని తలుచుకుంటే ఆవిడకు చిత్రంగా బెంగ కలిగేది. తనకంటే ముందు పుట్టిన ఆ ముక్క, తనతోపాటు ప్రతి వెలుతురునూ చూసిన ముక్క, వెళ్ళిపోయింది. పోతూ పోతూ తనకు ఒక విద్య నేర్పి పోయింది.

యజమాని, ఇక స్టూలు మీదే, ఎన్నాళ్ళు కూర్చున్నా మీదే, అన్నాడు. ఆవిడ కొంగుతో స్టూలు మీది దుమ్ము తుడిచింది. తుడిచి, మేనకోడలిని కూర్చోబెట్టింది.

“అదేంటి పెద్దమ్మగారూ? గెలిచింది మీరు కదా.”

“అందుకే బాబూ. ఓడిపోయి దిగితే అది వేరు. ఇంకో స్టూలు తెప్పించండి. ఇకనుంచి ఒకే వయసు కన్ను చూసి ఊరుకుంటే సరుకు కదలకూడదు. నాకు ఇప్పుడు రెండూ కుర్రకళ్ళే, నేను పనికిరాను. వయసు మళ్ళిన కన్ను ఒకటి కావాలి.”

“ఎక్కడనుంచి తెమ్మంటారు?”

“మా ఇంట్లో ఉంది. రోజంతా ఖాళీగానే ఉంటుంది.”

అలా బస్సు డ్రైవరు రంగుల గదిలోకి వచ్చాడు. బూడిద కోటు ఆయనకు పొట్ట దగ్గర బిగుతు. రెండో స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని, బడిలో కొత్తగా చేరినవాడిలా కూర్చున్నాడు. మొదటి రోజే రెండు చిలపలను అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ రెండూ ఒకటే,” అని గట్టిగా తీర్పు చెప్పాడు.

“ఒకటి నలుపు, ఒకటి నీలం మావయ్యా,” అంది మేనకోడలు.

“నీకు అమ్మాయ్. నాకు కాదు. నా మాటకి విలువుందని మీ అత్తే చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి చెప్పింది, నన్ను కాదనకు.”

“అయితే ఎడమ అరకేనా?”

“ఎడమ అరకే. నాలాంటివాడు చీకట్లో ఏది వేసుకున్నాడో తెలియక తిరగాలా?”

గొంతు పెంచకుండా ఉండడం ఆ గదిలోకి వచ్చిన అందరికీ చేతనయింది గాని, ఆయనకు చేతకాలేదు. పెద్దమ్మ వాళ్ళ వెనక, తలుపు దగ్గర, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన తీర్పు ఆవిడ ఒకప్పటి తీర్పే. ఆ తప్పును ఇప్పుడు దాచనక్కరలేదు; దానికి ఒక స్టూలు వేశారు, దాని మాట కూడా వింటున్నారు. కిటికీలోంచి ఉత్తరపు వెలుతురు ఒకే తీరుగా ఆ ఇద్దరి మీదా పడుతోంది. ఆవిడ వాళ్ళను ఆపలేదు. కాసేపు చూసి, ఇంకా నిటారుగానే, కలిపే గదికి వెళ్ళి, రెండు చిలపల రంగులూ తేడా తెలిసేట్టు మళ్ళీ కలపమని చెప్పింది.